ఐబీడీకి నానో వెండి పనిచేస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఐబీడీ, అంటే పేగు వాచి పుండ్లు పడే క్రోన్స్ జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నానో వెండి గురించి అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఎవరో ఒక వీడియో పంపుతారు, లేదంటే అమెరికా నుంచి వచ్చిన చుట్టం ఒక సీసా తెస్తాడు, మళ్లీ మొదటికొస్తుంది. ఫార్మకాలజీ పాఠాలు చెప్పుకునేవాణ్ని కాబట్టి ఆ సందేహాలన్నీ నా దాకా వస్తుంటాయి. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీ మందులు మార్చే విషయం మాత్రం మీ గ్యాస్ట్రో డాక్టర్‌తోనే తేల్చుకోండి.

## మొదటిసారి విన్నప్పుడు

ఐబీడీ, ఐబీఎస్ ఒకటేనా? ఒక డాక్టర్ అది అన్నారు, ఇంకొకరు ఇది అన్నారు.

ఒకటి కాదు. ఐబీఎస్‌లో నొప్పి, విరేచనాలు, మలబద్ధకం ఉంటాయి కానీ పేగు గోడ దెబ్బతినదు. ఐబీడీలో పేగు నిజంగా వాచి పుండ్లు పడుతుంది. ఐబీడీలో ముఖ్యంగా రెండు జబ్బులు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం, మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పై పొరనే దెబ్బతీస్తుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా తినేస్తుంది, అందుకే పేగు సన్నబడటం, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క అవయవాలకో చర్మానికో పడే దారులు) పడటం దాంట్లోనే ఎక్కువ. కొలనోస్కోపీ, బయాప్సీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుని చూపించే ప్రొటీన్) పరీక్ష వీటితో తేలుస్తారు. మన దేశంలో ఇంకో చిక్కు ఉంది: పేగు టీబీ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. జబ్బేదో తేలకుండా ఏ కొత్త వైద్యం జోలికీ వెళ్లకూడదు.

వెండి నానో కణాలంటే వెండిని మెత్తగా నూరిన పొడేనా?

అంతకంటే చాలా చిన్నవి. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నవాటినే నానో కణాలంటారు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. కణం అంత చిన్నదైతే అదే బరువు వెండికి బయటికి తేలే ఉపరితలం విపరీతంగా పెరుగుతుంది, దాని మీద నుంచి వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) నెమ్మదిగా ఊడి బయటికొస్తాయి. అసలు పని చాలావరకు ఆ అయాన్లదే. అవి ప్రొటీన్లలోని గంధకం ఉన్న భాగాలకి అతుక్కుని వాటి పని చెడగొడతాయి. అది బ్యాక్టీరియా ప్రొటీనా, మన కణంలోని ప్రొటీనా అని అయాన్‌కి పట్టింపు లేదు.

వెండి క్రిములని చంపుతుందని ఎప్పటి నుంచో తెలుసు కదండీ. మరి పేగుకి ఎందుకు ఇవ్వరు?

వెండికి వైద్యంలో చరిత్ర ఉన్న మాట నిజం. 1880ల్లో జర్మనీ డాక్టర్ క్రెడే పుట్టిన పిల్లల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి చూపు పోకుండా కాపాడాడు. 1960ల చివర్లో వచ్చిన సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము కాలిన గాయాలకి ఇప్పటికీ ప్రతి మందుల షాపులో దొరుకుతుంది. నానో వెండి పూసిన డ్రెస్సింగులూ ఉన్నాయి. ఇవన్నీ శరీరం పైన వాడేవి. పూసినచోట కాసేపు పనిచేసి తుడిచేస్తే పోతాయి. మింగినది అలా కాదు, పేగులోంచి రక్తంలోకి పోయి కాలేయం, మూత్రపిండాలు, చర్మం దాకా వెళ్లగలదు.

ఇంకో సంగతి. ఐబీడీ ఒక క్రిమి వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ కాదు. జన్యువులు, పేగులోని బ్యాక్టీరియా, మన రోగనిరోధక వ్యవస్థ మధ్య బెడిసికొట్టిన వ్యవహారం అది. క్రిములని చంపితే పోయే జబ్బైతే యాంటీబయాటిక్ కోర్సుతో ఏనాడో పోయేది.

మరి శాస్త్రవేత్తలకి ఈ ఆలోచన ఎందుకొచ్చింది?

గాయాల మీద నానో వెండి డ్రెస్సింగు వేసినప్పుడు క్రిములు చావడంతో పాటు ఎర్రదనం, వాపు కూడా తగ్గడం గమనించారు. జంతువుల చర్మం మీద చూస్తే వాపుని రగిలించే టీఎన్ఎఫ్ లాంటి పదార్థాలు తగ్గుతున్నాయని తేలింది. ఐబీడీలోనూ ప్రధాన దోషి టీఎన్ఎఫ్ కదా, 1998లో క్రోన్స్‌కి అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు అడ్డుకునేది దాన్నే. పైగా కొందరు క్రోన్స్ రోగుల పేగు గోడకి ఒక రకం ఈ.కొలై అంటుకుని ఉంటుంది. వాపునీ తగ్గించి ఆ బ్యాక్టీరియానీ తగ్గించే పదార్థం ఒకటుంటే చూద్దామనుకోవడంలో తప్పేం లేదు. ఆలోచన మంచిదే.

## పరిశోధన ఏం చెప్పింది

ఎలుకల్లో కొలైటిస్ తగ్గిందని వీడియోలో చెప్పారు. నిజమా, కల్పనా?

నిజమే. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎలుకల పెద్దపేగులోకి డీఎన్‌బీఎస్ అనే రసాయనం ఎక్కించి కొలైటిస్ తెప్పించారు. తర్వాత నానో క్రిస్టల్ వెండిని కొన్నింటికి మలద్వారం ద్వారా, కొన్నింటికి నోటి ద్వారా రోజుకొకసారి 5 రోజులు ఇచ్చారు. పోల్చి చూడటానికి ఇంకొన్నింటికి కొలైటిస్‌కి వాడే పాత మందు సల్ఫాసలజీన్ ఇచ్చారు. మలద్వారం ద్వారా కిలో బరువుకి 4 మిల్లీగ్రాములు, నోటి ద్వారా కిలోకి 40 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు వాపు స్పష్టంగా తగ్గింది. పోలండ్‌లో చిట్టెలుకల మీద చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో కూడా ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి.

వీడియోవాళ్లు ఇక్కడిదాకా చెప్పేది అబద్ధం కాదు. ఇక్కడ ఆపేయడమే అసలు సమస్య.

ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో ఎందుకు పనిచేయదు?

పనిచేయదని ఎవరూ నిరూపించలేదు, పనిచేస్తుందనీ నిరూపించలేదు. కానీ ఎలుక కొలైటిస్‌కీ మన కొలైటిస్‌కీ తేడా పెద్దది. ఎలుకకి వచ్చేది రసాయనంతో చేసిన పుండు. ఆ రసాయనం ఆపేస్తే ఏ మందూ లేకపోయినా చాలావరకు కొద్ది వారాల్లో అదే మానుతుంది. అందుకే వాపు తగ్గించే గుణం కాస్త ఉన్న పదార్థమేదైనా ఆ ప్రయోగంలో ఎంతోకొంత పాసవుతుంది. పసుపు, అల్లం, గ్రీన్ టీ, దానిమ్మ తొక్క, ఏది తీసుకున్నా ఎలుకల్లో కొలైటిస్ తగ్గించినట్టు పేపర్లుంటాయి. మనుషుల్లో ఐబీడీ ఏళ్ల తరబడి తగ్గుతూ, తిరగబెడుతూ ఉండే జబ్బు. అయిదు రోజుల ప్రయోగం దాని గురించి చెప్పేది చాలా తక్కువ.

ప్రయోగశాలలో బాగున్నది మనుషుల దగ్గర బెడిసికొట్టిన ఉదాహరణ కూడా ఉంది. ఐఎల్-17 అనే పదార్థాన్ని అడ్డుకుంటే క్రోన్స్ తగ్గాలని కాగితం మీద లెక్క సరిపోయింది. సెక్యుకినుమాబ్ అనే మందుతో ట్రయల్ చేశారు. 2012లో ఫలితాలు వచ్చాయి: మందు పనిచేయలేదు సరికదా, ఇబ్బందులు మందు తీసుకున్నవాళ్లలోనే ఎక్కువ. అదే మందు సోరియాసిస్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

వెండి వల్లే కొలైటిస్ వస్తుందని ఇంకోచోట చదివాను. ఏది నమ్మమంటారు?

రెండూ ప్రచురితమైనవే. 2017లో ఒక చైనా బృందం ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకలకి వారం రోజులు నోటి ద్వారా కిలోకి 2.5 మిల్లీగ్రాముల నానో వెండి ఇస్తే కొలైటిస్ లాంటి లక్షణాలు వచ్చాయి. పేగు లోపలి కణాల మధ్య ఉండే అతుకులు వదులయ్యాయి, వాపు రేపే పదార్థాలు పెరిగాయి. అంటే 2007 నాటి ప్రయోగంలో నోటి ద్వారా ఇచ్చినదాంట్లో పదహారో వంతు డోసే ఇక్కడ హాని చేసింది. ఒక ప్రయోగంలో మందు, ఇంకో ప్రయోగంలో విషం.

ఎందుకిలా? "నానో వెండి" ఒకే పదార్థం కాదు. కణం సైజు ఎంత, గుండ్రంగా ఉందా పలకలా ఉందా, కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా పైన వేసిన పూత ఏమిటి, అయాన్లు ఎంత వేగంగా ఊడుతున్నాయి అనేదాన్ని బట్టి పనితీరు మారిపోతుంది. కడుపులో యాసిడ్ తగలగానే కొన్ని కణాలు ముద్దలవుతాయి, కొంత వెండి క్లోరైడ్‌తో కలిసి సిల్వర్ క్లోరైడ్‌గా మారుతుంది. పేగుకి చేరేసరికి మింగినది మింగినట్టు ఉండదు. జంతువు జాతి వేరు, దాని పేగులోని బ్యాక్టీరియా వేరు, జబ్బున్న పేగు వేరు, లేని పేగు వేరు. నా అభిప్రాయం అడిగితే, ఫలితాలు ఇంత ఎడాపెడాగా ఉన్నప్పుడు ముందు మనిషి నోట్లో పోయకూడదు, ల్యాబులోనే తేల్చుకోవాలి.

పేగులో ఉండే మంచి బ్యాక్టీరియాని కూడా చంపేస్తుందా?

మంచిదేదో చెడ్డదేదో వెండికి తెలియదు. చిట్టెలుకల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో తిండిలో కలిపిన నానో వెండి పేగు బ్యాక్టీరియా పాళ్లని తారుమారు చేసింది. అలాంటి మార్పేమీ కనపడలేదన్న అధ్యయనాలూ ఉన్నాయి. అయితే క్రోన్స్ ఉన్నవాళ్లలో ఫీకలిబ్యాక్టీరియం లాంటి మేలు చేసే బ్యాక్టీరియా ముందే తక్కువగా ఉంటుంది. ఉన్న కాస్త దాన్నీ పోగొట్టుకునే ప్రమాదం వీళ్లకే ఎక్కువ.

ఇంకోటి కూడా ఉంది. వెండికి లొంగని బ్యాక్టీరియా పుట్టుకొస్తుంది. 1975లోనే అమెరికాలో ఒక కాలిన గాయాల వార్డులో సిల్వర్ నైట్రేట్‌ని తట్టుకునే సాల్మొనెల్లా బయటపడింది.

ఎలుకకి ఇచ్చిన డోసుని మనిషి లెక్కకి మారిస్తే ఎంతవుతుంది?

ఈ లెక్క ఎవరూ చెయ్యరు, చేస్తే సగం గొడవ తీరిపోతుంది. ఎలుక డోసుని మనిషికి మార్చేటప్పుడు మామూలుగా 6.2తో భాగిస్తారు. నోటి ద్వారా కిలోకి 40 మిల్లీగ్రాములంటే మనిషికి కిలోకి దాదాపు 6.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి సుమారు 387 మిల్లీగ్రాములు.

ఇప్పుడు బజార్లో దొరికే కొలాయిడల్ సిల్వర్ (వెండి కణాలు కలిపిన ద్రావణం) సీసా చూడండి. చాలావాటి మీద 10 పీపీఎం అని ఉంటుంది. అంటే లీటరులో 10 మిల్లీగ్రాములు, 5 మిల్లీలీటర్ల చెంచాలో 0.05 మిల్లీగ్రాములు. ఆ ఎలుక డోసు అందాలంటే రోజుకి దాదాపు 39 లీటర్లు తాగాలి.

రెండో వైపు నుంచి చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ జీవితాంతం రోజూ తీసుకున్నా ఫరవాలేదన్న వెండి పరిమితి కిలో బరువుకి 0.005 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకి 0.3 మిల్లీగ్రాములు. ఎలుకలో పనిచేసిన డోసు దీనికి వెయ్యి రెట్లు పైమాటే. పరిమితి జీవితకాలానికి, ప్రయోగం అయిదు రోజులకి, కాబట్టి రెండింటినీ తక్కెట్లో పెట్టి తూచడం పూర్తిగా న్యాయం కాదు. కానీ ఐబీడీ మందు అంటే ఏళ్ల తరబడి వేసుకునేది. సీసాలో ఉన్నది ఎలుకలో పనిచేసినదానికి దరిదాపుల్లో లేదు, ఎలుకలో పనిచేసినంత తీసుకుంటే ఆ మనిషి గతేమిటో ఎవరికీ తెలియదు.

మనుషుల మీద అసలు ఏ పరీక్షా చెయ్యలేదా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేశారు. 2014లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో 60 మంది వాలంటీర్లకి 10 లేదా 32 పీపీఎం నానో వెండి ద్రావణం గరిష్ఠంగా 14 రోజులు ఇచ్చి రక్తం, మూత్రం పరీక్షలు, ఎంఆర్ఐ చూశారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని అమ్మేవాళ్లు "మనుషుల్లో సురక్షితమని తేలింది" అని వాడుకుంటారు. రెండు వారాలు, ఆరోగ్యవంతులు, చాలా తక్కువ డోసు. పుండ్లు పడిన పేగున్న మనిషి, నెలల తరబడి వాడకం, ఇవి ఆ అధ్యయనంలో లేవు. ఐబీడీకి నానో వెండిని మందుగా మన దేశంలో గానీ, అమెరికా, యూరప్‌లలో గానీ అనుమతించలేదు.

వేపాకుతో, పసుపుతో చేసిన నానో వెండి సహజమైనదే కదా, అది మంచిది కాదా?

మన దేశంలోని కాలేజీ ల్యాబుల్లో ఇలాంటివి బోలెడు తయారవుతున్నాయి. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఆకు రసం పోస్తే, రసంలోని పదార్థాలు అయాన్లని వెండి కణాలుగా మారుస్తాయి, ద్రావణం గోధుమ రంగుకి తిరుగుతుంది. ఎంఎస్సీ ప్రాజెక్టుకి చక్కగా సరిపోతుంది. కానీ చివరికి చేతికొచ్చేది వెండే. పైగా ఆకు ఏ నెలలో కోశారు, ఏ నేలలో పెరిగింది అనేదాన్ని బట్టి కణాల సైజు మారుతుంది, మందుకి అది పనికిరాని గుణం.

పసుపు మీద అంత నమ్మకముంటే అసలు పసుపుకే మనుషుల్లో ఆధారాలున్నాయి. 2015లో వచ్చిన ట్రయల్‌లో కొలైటిస్‌కి మామూలుగా వాడే మందు మెసలమైన్‌తో పాటు రోజుకి 3 గ్రాముల కర్క్యుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) తీసుకున్న అల్సరేటివ్ కొలైటిస్ రోగులకి మెసలమైన్ ఒక్కటే తీసుకున్నవాళ్లకంటే మేలు జరిగింది. మన దేశంలో తక్కువ డోసుతో చేసిన ట్రయల్‌లో లాభం కనపడలేదు. అది కూడా డాక్టర్‌ని అడిగి, మందుకి తోడుగానే.

## కొందామా అనుకుంటున్నప్పుడు

అమెరికాలో ఉన్న మా బావగారు సీసా పంపారు. అక్కడ షాపుల్లో అమ్ముతున్నారంటే అనుమతి ఉన్నట్టే కదా?

కాదు. అక్కడ దాన్ని మందుగా కాదు, ఫుడ్ సప్లిమెంటుగా అమ్ముతారు. సప్లిమెంటు అమ్మడానికి పనిచేస్తుందని ముందుగా నిరూపించనక్కర్లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే కొలాయిడల్ సిల్వర్ ఉన్న ఉత్పత్తులని ఏ జబ్బుకైనా మందుగా అమ్మితే వాటిని సురక్షితమైనవిగా, పనిచేసేవిగా గుర్తించబోమని నిబంధన తెచ్చింది. సీసా మీద ఎక్కడా "క్రోన్స్‌కి" అని ఉండదు, గమనించండి. ఆ మాట వీడియోలోనే ఉంటుంది.

ఆయుర్వేదంలో రజత భస్మం ఉంది కదండీ. అది వేల ఏళ్లుగా వాడుతున్నదే.

రజత భస్మం తయారీ వేరు, దాంట్లో వెండి ఉండే రూపం వేరు. నానో వెండి ప్రయోగాల ఫలితాలు దానికి వర్తించవు, దాని పేరు వీటికి సర్టిఫికెట్ కాదు. నాకు అసలు భయం వెండి గురించి కాదు, దాంతో పాటు వచ్చేవాటి గురించి. 2008లో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులని పరీక్షిస్తే దాదాపు అయిదో వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనపడ్డాయి. వాటిలో అమెరికాలో తయారైనవీ, మన దేశంలో తయారైనవీ రెండూ ఉన్నాయి. సీసం ఒంట్లో చేరితే మెలితిప్పే కడుపునొప్పి, రక్తహీనత వస్తాయి. ఐబీడీ ఉన్న మనిషికి అవి వస్తే అందరూ జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటారు.

మిఠాయి మీద వెండి రేకు తింటాం, చంటిపిల్లలకి వెండి ఉగ్గుగిన్నెతో పడతాం. అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?

గిన్నె నుంచి ఊడే వెండి లెక్కలోకి రానంత తక్కువ. కాజూ కత్లీ మీది రేకు 99.9 శాతం స్వచ్ఛమైన వెండి ఉండాలని మన ఆహార నిబంధన, పండగకో పెళ్లికో తింటే చాలావరకు మలంలోనే పోతుంది. భయపడాల్సిన పని లేదు. కానీ దాన్ని చూపించి "రోజూ తాగే మందు కూడా ఇలాంటిదే" అనడం కుదరదు. మందంటే ఒంట్లో ఏదో ఒక మార్పు తేవాలి. అంత తక్కువ వెండి హాని చెయ్యనట్టే మేలూ చెయ్యదు.

మా ఇంట్లో నానో సిల్వర్ ఉన్న వాటర్ ఫిల్టర్ ఉంది. ఐబీడీ ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగొచ్చా?

తాగొచ్చు. ఫిల్టర్లలో వెండి పని లోపల క్రిములు పెరగకుండా చూడటం. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకి 0.1 మిల్లీగ్రాములకి మించి వెండి ఉండకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అంతే. కార్ట్రిడ్జ్ మాత్రం కంపెనీ చెప్పిన గడువుకి మార్చండి.

నోటి ద్వారా కాకుండా ఎనిమాగా తీసుకుంటే నేరుగా పుండుకే తగులుతుంది కదా?

తర్కం బాగానే ఉంది, ఎలుకల్లో కూడా మలద్వారం ద్వారా పదో వంతు డోసే సరిపోయింది. కానీ దయచేసి చెయ్యకండి. పుండ్లు పడిన పేగు గోడ కంచె తెగిన పొలంలాంటిది, మామూలు పేగు ఆపేదాన్ని అది లోపలికి వదిలేస్తుంది. సీసాలోని ద్రావణం ఎనిమాకి తగినట్టు తయారుచేసినదీ కాదు. జబ్బు పేగు చివరి భాగంలోనే ఉంటే మెసలమైన్ సపోజిటరీలు, ఎనిమాలు ఉన్నాయి. మలద్వారంలో పెట్టుకునే మందంటే మనవాళ్లకి మొహమాటం, అందుకే మానేస్తారు. నిజానికి కొందరిలో మాత్రల కన్నా అవే బాగా పనిచేస్తాయి.

రెండు వెండి తీగలు, బ్యాటరీ పెట్టి ఇంట్లో చేసుకోవచ్చట?

చేసుకోవచ్చు, ఏం తయారైందో మాత్రం తెలియదు. అలా వచ్చేదాంట్లో చాలావరకు కణాలు కాదు, అయాన్లే. గాఢత ఎంతో ఇంట్లో కొలవలేం. చర్మం రంగు మారిపోయినవాళ్ల కథల్లో ఈ ఇంటి తయారీ తరచుగా కనిపిస్తుంది.

## ఇప్పటికే తాగుతుంటే

వెండి తాగడం మొదలుపెట్టాక రక్తం పడటం తగ్గింది సార్. పనిచేసినట్టే కదా?

అలా అనిపించడం సహజం. కానీ ఐబీడీ స్వభావమే హెచ్చుతగ్గులు. బాగా ముదిరినప్పుడే మనం కొత్తది మొదలుపెడతాం, ముదిరినది ఆ తర్వాత కొంత తగ్గడం మామూలే, ఆ పేరు కొత్త మందుకి పోతుంది. చాలామంది అదే సమయంలో స్టెరాయిడ్ కూడా వాడుతుంటారు, దాని సంగతి మర్చిపోతారు. లక్షణాలు తగ్గినా లోపల వాపు ఉండిపోవచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించండి, అవసరమైతే డాక్టర్ కొలనోస్కోపీ చూస్తారు. మీ అనుభవాన్ని నేను కొట్టిపారేయట్లేదు, కొలిచి చూడమంటున్నాను.

ఇంగ్లీషు మందులు ఆపేసి ఇదొక్కటే వాడొచ్చా?

వద్దు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివేటట్టయితే ఇదే చదవండి.

అల్సరేటివ్ కొలైటిస్ అదుపులో ఉన్న 99 మందిని గమనించిన అధ్యయనం 2003లో వచ్చింది. మెసలమైన్ సరిగ్గా వేసుకోనివాళ్లకి జబ్బు తిరగబెట్టే ప్రమాదం వేసుకున్నవాళ్లకంటే అయిదు రెట్లు పైగా ఉంది. స్టెరాయిడ్ మాత్రలు కొన్ని వారాలుగా వాడుతూ ఒక్కసారిగా ఆపితే శరీరం సొంతంగా తయారుచేసుకోవాల్సిన కార్టిసాల్ అందక బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెడితే శరీరం వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసి మందు పనిచేయకుండా పోవచ్చు, అలర్జీ రావచ్చు. అంటే తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. వెండి వల్ల నేరుగా వచ్చే నష్టం కంటే, దాని మీద నమ్మకంతో అసలు మందు ఆపడం వల్ల వచ్చే నష్టమే నాకెక్కువ కనపడుతుంది.

చర్మం నీలంగా మారుతుందంటారు, అది పుకారా?

పుకారు కాదు, దాని పేరు ఆర్జిరియా. వెండి చర్మంలో పేరుకుని, ఎండ తగిలేచోట్ల ముఖ్యంగా ముఖం, చేతులు నీలం కలిసిన బూడిద రంగుకి మారతాయి. గోళ్ల మొదట్లో నీలి ఛాయ తొలి గుర్తు కావచ్చు. 2002లో అమెరికాలో మోంటానా రాష్ట్రం నుంచి సెనేట్‌కి పోటీ చేసిన ఒక అభ్యర్థి ముఖం ఇలాగే మారి ప్రపంచ వార్త అయ్యింది. ఆయన ఇంట్లో చేసుకున్న వెండి ద్రావణం తాగాడు.

నిజాయతీగా చెప్పాలంటే 10 పీపీఎం సీసా నుంచి రోజుకి చెంచాడు తాగితే ఎవరూ నీలంగా మారరు. గాఢమైన ద్రావణాన్ని గ్లాసుల కొద్దీ, నెలలూ ఏళ్లూ తాగినవాళ్లకే ఇది వచ్చింది. అయితే చెంచాతో తగ్గకపోతే మనిషి చెంచా దగ్గర ఆగడు. 100 పీపీఎం సీసా అయితే చెంచాడు కూడా కాకముందే, 3 మిల్లీలీటర్లకే, 60 కిలోల మనిషి ఈపీఏ రోజువారీ పరిమితికి చేరిపోతాడు. రంగు ఒకసారి మారితే తిరిగి రాదు. కొందరికి లేజర్‌తో కాస్త తగ్గింది.

డాక్టర్‌కి చెబితే తిడతారేమో. చెప్పకపోతే ఏమవుతుంది?

తిడితే తిట్టనివ్వండి, చెప్పండి. వెండి కొన్ని మందులు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది: థైరాయిడ్‌కి వేసుకునే థైరాక్సిన్, సిప్రోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్, డాక్సీసైక్లిన్ రకంవి. క్రోన్స్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ వాడటం మామూలే. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మీద ఉన్నవాళ్లకి తెల్లకణాలు, కాలేయం పరీక్షలు క్రమంగా చేస్తుంటారు. అందులో తేడా వస్తే ఏది కారణమో తెలియక ఉన్న మంచి మందునే ఆపేసే పరిస్థితి వస్తుంది. సీసా ఫోటో తీసి చూపిస్తే చాలు.

నేను గర్భిణిని. పుట్టబోయే బిడ్డకి ఏమైనా అవుతుందా? మా వారు కూడా తాగుతున్నారు.

ఇద్దరూ ఆపేసి డాక్టర్‌కి చెప్పండి. ఎలుకల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో వెండి ఇవ్వడం ఆపిన ఎనిమిది వారాలకి చాలా అవయవాల్లోంచి అది పోయింది కానీ మెదడు, వృషణాల్లోంచి పోలేదు. మనుషుల్లో అలాగే జరుగుతుందని చెప్పలేం. ఆ ఒక్క సంగతి చాలు, పిల్లలు కావాలనుకునేవాళ్లు దూరంగా ఉండటానికి.

ఏ లక్షణాలుంటే ఇంక ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్లాలి?

కొలైటిస్ ఉన్నవాళ్లకి రోజుకి ఆరు, అంతకుమించి రక్త విరేచనాలు అవుతూ, వాటితో పాటు జ్వరం, నాడి నిమిషానికి 90 దాటడం, బాగా నీరసం ఉంటే అది తీవ్రమైన దాడి. ఆ రాత్రే వెళ్లాలి. పొట్ట ఉబ్బి గట్టిపడటం, వాంతులతో గ్యాస్ కూడా పోకపోవడం, మలద్వారం పక్కన చీముగడ్డ, ఇవీ ఆగకూడనివే.

## ముందు ముందు

ఇది నిజమైన మందుగా ఎప్పుడొస్తుంది?

తేదీ చెప్పేవాళ్లని నమ్మకండి. ముందు కణం సైజు, పూత ప్రతి బ్యాచ్‌లో ఒకేలా ఉండాలి. కడుపు యాసిడ్ దాటేలా మెసలమైన్ మాత్రలకి వేసే లాంటి పూత వెయ్యాలి. పెద్ద జంతువుల్లో నెలల తరబడి ఇచ్చి వెండి ఎక్కడ పేరుకుంటుందో చూడాలి. ఆ తర్వాతే మనుషుల్లో మూడు దశల ట్రయల్స్. నానో మందులని ఎలా పరీక్షించాలో మన దేశంలో 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. దారి ఉంది, ఈ బండి ఇంకా బయల్దేరలేదు.

నానో వెండి ట్రయల్ అని చెప్పి 40 వేలు కట్టమంటున్నారు. చేరమంటారా?

డబ్బు అడిగిన క్షణమే అనుమానించండి. కొత్త మందు ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకి రోగి డబ్బు కట్టడు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. మన దేశంలో ట్రయల్స్‌ని సీటీఆర్ఐ రిజిస్ట్రీలో నమోదు చెయ్యడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఆ నంబరు అడగండి, రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం, మీకు అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం అడగండి. తెలుగులో ఇవ్వలేమంటే లేచి వచ్చేయండి.

అయితే నానో అన్నదంతా మోసమేనా?

కానే కాదు. ఐబీడీలో రక్తహీనత వచ్చినవాళ్లకి సెలైన్‌లో ఎక్కించే ఐరన్ సుక్రోజ్, ఫెరిక్ కార్బాక్సీమాల్టోస్ చక్కెర పొర తొడిగిన ఇనుము నానో కణాలే. ఎక్కించుకున్నవాళ్లు చాలామందికి ఆ సంగతి తెలియదు. ఎవరూ వాటిని నానో అని ఊదరగొట్టి అమ్మలేదు, ట్రయల్స్‌లో పాసై వచ్చాయి.

బయోలాజిక్స్ ఖర్చు మా వల్ల కాదు, అందుకే చవగ్గా ఉందని దీని వైపు చూస్తున్నాం. ఇంకేం చెయ్యమంటారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద నాకు కోపం రాదు. పల్లెల్లో కూడా ఈ జబ్బు పెరుగుతోంది. హైదరాబాద్ డాక్టర్లు 2023లో ప్రచురించిన అధ్యయనంలో తమ దగ్గరకొచ్చిన గ్రామీణ రోగుల్లో ఐబీడీ పట్టణ రోగుల్లో ఉన్నంతగానే కనిపించింది. ఖర్చు మాట డాక్టర్‌తో సూటిగా అనండి, చాలామంది మొహమాటపడి మందు మానేస్తారు కానీ ఈ మాట అనరు. సల్ఫాసలజీన్ పాత మందే అయినా తేలికపాటి కొలైటిస్‌లో ఇప్పటికీ పనికొస్తుంది, చవక. అజాథయోప్రిన్ కూడా ఖరీదైనది కాదు. మనవాళ్లలో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువు తేడా వల్ల దాంతో తెల్లకణాలు పడిపోతాయి, జుట్టు రాలుతుంది, కాబట్టి ఆ పరీక్ష గురించి ముందే అడగండి. టోఫాసిటినిబ్ అనే మాత్రకి జెనరిక్‌లు వచ్చాయి. అడలిముమాబ్ అనే బయోలాజిక్‌కి ప్రపంచంలో మొదటి బయోసిమిలర్ (దాదాపు అలాగే పనిచేసే మందు) 2014లో మన దేశంలోనే విడుదలైంది, ఇప్పుడు ఒకటికి మించి కంపెనీలు అమ్ముతున్నాయి, ధరల్లో బేరానికి చోటుంది. చాలా కంపెనీలకి రోగుల సాయం పథకాలుంటాయి. ఇన్ని డోసులు కొంటే ఇన్ని ఉచితం అన్న తరహావి, వాటి వివరాలు డాక్టర్ దగ్గర కన్నా ఆస్పత్రి ఫార్మసీ కౌంటర్లోనే బాగా తెలుస్తాయి.